ఏ ఏడాదిలోనూ లేని పదకొండు రోజులు

మా ఆఫీసులో ఆయన్ని డిసెంబర్ అనేవాళ్లు. ఎదురుపడితే బాబాయ్, వెనక్కి తిరిగితే డిసెంబర్. ఏడాదిలో పదకొండు నెలలు ఆ మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ పట్టేది కాదు. మెట్ల కింద గదిలో కత్తెర పట్టుకుని తన మానాన తను కూర్చునేవాడు. నవంబర్ వెళ్లడం ఆలస్యం, పై అంతస్తు వాళ్లందరికీ ఆ గది దారి గుర్తొచ్చేది. "బాబాయ్, ఈ ఏడాది భూకంపాలు ఎన్నొచ్చాయి?" "బాబాయ్, ఆ విమానం కూలింది మార్చిలోనా, మేలోనా?" అంటూ ఒకరి మీద ఒకరు దిగేవాళ్లు. జనవరి రెండో తారీఖు వచ్చిందంటే మళ్లీ వాళ్లు పైన, ఆయన కింద. ఆ ఆఫీసులో గౌరవం కూడా ఏడాదికి ఒక్క నెలే ఇచ్చేవాళ్లు.

నేనక్కడ ప్రూఫ్ రీడర్ని. ఆయన కథ చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే, ఆయనకు జరిగిన ఆఖరి అన్యాయం నా చేతుల మీదుగా జరిగింది, అదీ నా అర్హత. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మంచిదాన్ననిపించుకునే ఓపిక నాకు లేదు.

ఆయన ఉద్యోగం పేరు లైబ్రరీ అసిస్టెంట్. చేసే పని కత్తిరించడం. మా పేపరూ, ఊళ్లో దొరికే మరో ఏడు పేపర్లూ ముందేసుకుని, ఉంచదగ్గ వార్తని కత్తిరించి, వెనక బంక రాసి, తెల్లకాగితానికి అంటించి, పైన ఎర్రసిరాతో తేదీ వేసి కవర్లో పెట్టేవాడు. గది గోడల నిండా ఆ కవర్లే. యుద్ధాలు, రాజీనామాలు, వరదలు, ఓడలు, విమానాలు, వింతలు. ముప్పై ఒక్కేళ్లు అదే కుర్చీ, అదే పని. కుడి బొటనవేలి మొదట్లో కాయ కాసి రాయిలా అయిపోయింది. ఇంట్లో కూర్చుని పేపర్ చదువుతున్నా ఆయన చెయ్యి కత్తెర కోసం తడుముకుంటుందని భార్య నవ్వేది. చుట్టూ అనవసరంగా ఖాళీ ఉందని పెళ్లి ఫొటోలకి కూడా అంచులు కత్తిరించేశాడట. ఆ కత్తిరింపులో ఆవిడ పెద్దమ్మ భుజం ఒకటి పోయిందని ఇరవై ఏళ్ల తర్వాత కూడా దెప్పుతూనే ఉండేది.

ఆయన్ని డిసెంబర్ని చేసింది మాత్రం ఏడాది చివరి అనుబంధంలో ఒక్క భాగం. ఎదురెదురుగా రెండు పేజీలు, రంగుల్లో. పేరు 'ఈ ఏడాది ప్రపంచం'. డిసెంబర్ ముప్పై ఒకటిన పేపర్‌తో పాటు వచ్చేది. జనవరి నుంచి డిసెంబర్ దాకా తేదీల వారీగా నెలకి ఐదు చొప్పున అరవై లైన్లు, మధ్యమధ్యలో ఫొటోలు. అరవై లైన్లూ రాసేది ఆయనే, పేరు మాత్రం ఎక్కడా పడేది కాదు. ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నదానికి ఆయన దగ్గరో కొలత ఉండేది. యుద్ధాలకిన్ని, ఎన్నికలకిన్ని, కన్నుమూసిన ప్రముఖులకిన్ని, అంతరిక్షానికి రెండు, వింతకి ఒకటి. నేను చేరిన కొత్తలో ఓసారి అడిగాను, "ఏ ఏడైనా యుద్ధాలు మరీ ఎక్కువైపోతే ఏం చేస్తారు బాబాయ్?" అని.

"ఏముందమ్మా, చిన్నవాటిని తీసేస్తాం."

"చిన్నదని ఎవరు చెప్తారు?"

"ఎక్కువ దూరంలో ఉన్నది చిన్నది," అన్నాడు బంక రాసుకుంటూ. వేళాకోళానికి అన్నాడనుకుని నవ్వాను. కాదని తర్వాత తెలిసింది.

ఆ పేజీని ప్రపంచంలో ఒకే ఒక్క మనిషి మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివేవాడు. ఆయన బావ, అంటే అక్క భర్త. రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఇంకో ఊళ్లో ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్. డిసెంబర్‌కి తల్లీదండ్రీ చిన్నప్పుడే పోతే అక్కాబావలే పెంచి పెద్దచేశారు. అక్క ఇంట్లో మిషన్ పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. బావ చదువుకున్నది ఏడో తరగతి. అయితేనేం, ముప్పై ఒకటో తారీఖు పొద్దున్నే పేపర్ పట్టుకుని గుమ్మంలో కూర్చుని, ఇరుగుపొరుగు వినేలా, "మా బావమరిది ప్రపంచం వచ్చింది, వినండి," అని అరవై లైన్లూ పైకి చదివేవాడు. పరాయి దేశాల పేర్లు ఆయన నోట్లో పడి నానా అవస్థా పడేవి. చదవడం అయ్యాక తప్పులు పట్టేవాడు. "ఏమోయ్, జూన్‌లో తుపాను వేశావు సరే, ఆగస్టు తుపాను ఏం పాపం చేసింది?" అని కూర్చోబెట్టి అడిగేవాడు. ఆ తర్వాత పిండి ఉడకబెట్టి ఆ రెండు పేజీలనీ వంటింటి గోడకి అంటించేవాడు. పాతదాని మీద కొత్తది. అక్క కసురుకునేది, "నా వంటింట్లో యుద్ధాలేంటయ్యా," అని. ఆయన వినేవాడు కాదు.

ఆ పేజీ మొదట్లో డిసెంబర్ ముప్పై దాకా నడిచేది. ముప్పైన ఏం జరిగినా వేసి, ఆ రాత్రికి రాత్రే అచ్చుకి పంపేవాళ్లు. దాంతో ఏడాది చివర ఆయనకి సెలవనేదే ఉండేది కాదు. ఒకసారి బావే అన్నాడట, "ఇరవైకే మూసేసి రావోయ్. ఆ పది రోజుల్లో ప్రపంచం ఏమన్నా మునిగిపోతుందా?" అని. మాట బాగుందనిపించి ఈయన వెళ్లి పైవాళ్లకి నచ్చజెప్పాడు. రంగుల పేజీలు కదా, తీరిగ్గా ముందే అచ్చేసుకోవచ్చు, మిషన్ మీద ఒత్తిడి తగ్గుతుంది అన్నాడు. వాళ్లకీ సుఖంగానే కనిపించింది. అప్పటినుంచి పంతొమ్మిదేళ్లు ఆ పేజీ ఇరవయ్యో తారీఖున మూతపడుతూ వచ్చింది. ఇరవై ఒకటిన ఈయన భార్యాపిల్లలతో బస్సెక్కి అక్కింటికి వెళ్లేవాడు. ఇరవై ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా భూమ్మీద ఏం జరిగినా, ఎవరు చచ్చినా, అది ఏ ఏడాది ఖాతాలోనూ పడేది కాదు. ఈ ఏడాది పేజీ అప్పటికే అయిపోయింది. వచ్చే ఏడాది పేజీ జనవరి ఒకటిన మొదలవుతుంది. మధ్యలో పదకొండు రోజులకి దిక్కులేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, రాసే ఆయనతో సహా. ఇప్పుడైతే ఇంకా ఘోరం, పదో తారీఖుకే మూసేస్తున్నారని విన్నాను. ఏడాది అంటే మూడు వందల నలభై నాలుగు రోజులన్నమాట పత్రికల వాళ్లకి.

అలా పంతొమ్మిదేళ్లు గడిచాక ఒక డిసెంబర్ ఇరవై ఆరున, ఆయన అక్కింట్లో ఉండగానే, బావ మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకి వెళ్లాడు. ఈయన నాలుగ్గంటలకి ఇంట్లో మంచం మీద పడుకుని పేపర్ చదువుకుంటున్నాడు. కళ్లు మండాయి. అక్క మిషన్ ఆపి వీధిలోకి వెళ్లి చూసింది. జనం ముక్కులకి గుడ్డలు అడ్డంపెట్టుకుని ఇటు పరిగెత్తుకొస్తున్నారు. ఫ్యాక్టరీలో పైపు పగిలి అమ్మోనియా బయటికొచ్చింది. బావ ముందు బయటికి వచ్చేశాడు, చూసినవాళ్లున్నారు. లోపల వాల్వు కట్టేయకపోతే వీధి మొత్తం పోతుందని మళ్లీ లోపలికి వెళ్లాడు. వాల్వు కట్టేశాడు. తిరిగి రాలేదు. ఆయనతో కలిపి తొమ్మిది మంది.

ఆ సాయంత్రం ఎదురింటి ఫోన్ నుంచి మా ఆఫీసుకి ఆ వార్త చెప్పింది ఈయనే. ముప్పై ఏళ్ల ఉద్యోగపు అలవాటు, ఇంకేం చెయ్యాలో తోచలేదట. అటువైపు డెస్కులో ఎవరో కుర్రసారు, "ఎంతమంది బాబాయ్?" అని అడిగాడు. తొమ్మిది అన్నాడు. "పెరగొచ్చా?" అని అడిగాడు. పెరగరు అన్నాడు. "సరే అయితే, లోకల్‌లో పెట్టేస్తాం, పేర్లు చెప్పండి." పేర్లు చెప్పాడు. నాలుగో పేరు బావది, అది నోట్లోనే అన్నాడు. "స్పెల్లింగ్ చెప్పండి బాబాయ్, వినబడట్లేదు," అన్నాడు అవతలివాడు.

వార్త మూడు రోజులు నడిచింది. మొదటి రోజు ఎనిమిదో పేజీ, రెండో రోజు పదో పేజీ, మూడో రోజు ఫ్యాక్టరీ వాళ్ల ప్రకటన. అంతే. ఫిబ్రవరికల్లా గేటు మీద కొత్త బోర్డు, కొత్త పేరు, లోపల అదే కంప్రెసర్. ఆ పేరుతో ఇక్కడ ఏ ప్రమాదమూ జరగలేదని మేనేజర్ అనేవాడట అడిగినవాళ్లతో. నిజమే, ఆ పేరుతో జరగలేదు.

ఆ ఏడాది ముప్పై ఒకటో తారీఖున, పోయిన మనిషి ఇంటికి పలకరింపుకి వచ్చినవాళ్లు ఇంకా వస్తూనే ఉండగా, పొద్దున్నే పేపర్‌వాడు పేపర్ పడేసిపోయాడు. ఇరవయ్యో తారీఖున మూసిన పేజీ అది. అక్క తీసి విప్పింది. బావ కూర్చునే గుమ్మంలోనే కూర్చుని అరవై లైన్లూ చదివింది. అయ్యాక మడిచి, "ఇందులో లేదేంట్రా?" అని అడిగింది.

"పేజీ ఇరవైకే అయిపోయిందక్కా."

"మరి దీన్ని ఎందులో వేస్తారు?"

ఆయనకి అప్పుడు తట్టిందట ఆ పదకొండు రోజుల సంగతి, అదీ తను తవ్విన గొయ్యేనని. అయినా అక్క మొహం చూసి, "వచ్చే ఏడాది పేజీలో వేస్తానక్కా, మాట," అనేశాడు. అక్క తల ఊపింది. ఆవిడ ఇంకేం అడగలేదు. నష్టపరిహారం గురించి కాదు, మేనేజర్ గురించి కాదు. ఏటా నోరారా చదివి గోడకి అంటించుకున్న ఆ కాగితంలో తన మొగుడు ఒక్క లైను ఉండాలని, అంతే. ఊరు మర్చిపోయింది, ఫ్యాక్టరీ పేరు మార్చుకుంది. ఆ లైను పడితే జరిగింది జరిగినట్టు ఉంటుందని ఆవిడ నమ్మకం. ఏడాది పొడుగునా ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో, "గుర్తుందిగా," అనేదట. ఏది అని ఆయన అడిగేవాడు కాదు.

అప్పటికి నాకివేవీ తెలియవు. బాబాయ్ బావ ఏదో ప్రమాదంలో పోయాడని మాత్రం విన్నాను. మిగతాదంతా తర్వాత ఆయనా, ఆయన అక్కా చెప్పినదే. ఆయన పుండు విప్పి చూపించే రకం కాదు. ఆ ఏడాదంతా మాట ఇంకా తగ్గించేశాడు, అంతే తేడా.

మరుసటి డిసెంబర్ వచ్చింది. అదే ఆయనకి ఆఖరి డిసెంబర్, ముప్పై ఒకటిన రిటైర్మెంట్. ఆ ఏడాది ప్రపంచంలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ నోటికొచ్చు, ఎందుకు రాదు. ఏప్రిల్‌లో సంతకాలు చేసుకున్న రెండు దేశాలు సెప్టెంబర్‌లో ఆ కాగితాలు చింపేసుకున్నాయి. ఒక అధ్యక్షుడు హెలికాప్టర్ ఎక్కి పారిపోయి, నెల తిరక్కుండా అదే హెలికాప్టర్లో తిరిగొచ్చాడు. ఒక యువరాణి రెండో పెళ్లి చేసుకుంది. మంచుకొండ ఎక్కుతూ ముగ్గురు పోయారు. ఎక్కడో జంతుప్రదర్శనశాలలో నూట అరవై ఏళ్ల తాబేలు చచ్చిపోయింది. తాబేలు వింతల కోటాలో వచ్చింది.

అనుబంధం ఇన్‌చార్జిని మేం సెంటీమీటర్ సారు అనేవాళ్లం. జేబులో స్కేలు లేకుండా కదిలేవాడు కాదు. మనిషి చనిపోయాడంటే, "ఎన్ని సెంటీమీటర్లు?" అనేవాడు. డిసెంబర్ తన జాబితా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు. అరవై లైన్ల పైన, జనవరి కంటే ముందు, ఒక లైను అదనంగా ఉంది. 'గత డిసెంబర్ 26: ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై తొమ్మిది మంది మృతి.'

"ఇదేంటి బాబాయ్, పోయినేడాదిది?"

"పోయినేడాది పేజీలో పడలేదండీ. అప్పటికే మూసేశాం."

"దానికి నన్నేం చెయ్యమంటారు? పోయినేడాది పోయింది."

"అందులో లేదు, ఇందులోనూ లేకపోతే ఎందులోనూ ఉండదు కదండీ."

"పైగా ఇది ప్రపంచం పేజీ. మన ఊళ్ల సంగతులు ఇందులో ఎందుకు?"

"కొండెక్కుతూ ముగ్గురు పోతే వేశాం సార్. వీళ్లు తొమ్మిది మంది, డ్యూటీలో ఉండి పోయారు."

"ఆ ముగ్గురూ వేరే దేశం బాబాయ్. అది ప్రపంచం. మనం మనం. మనం ప్రపంచం ఎలా అవుతాం?"

"తాబేలు?"

"తాబేలుకి ఫొటో ఉంది," అన్నాడు సెంటీమీటర్ సారు. ఆ మాట చెప్పడానికి ఆ మనిషికి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన చెడ్డవాడేం కాదు, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

బాబాయ్ మూడు రోజులు వరసగా సెంటీమీటర్ సారు గది ముందు నిలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్లలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. మూడో రోజు మాత్రం తలుపు దగ్గర నుంచే, "ఆ తొమ్మిది మందిలో ఒకరు మా బావండీ," అన్నాడట. సెంటీమీటర్ సారు తలెత్తి చూసి, స్కేలు పక్కన పెట్టాడు. "ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. తర్వాత జాబితా తీసుకుని పెన్నుతో తనే దిద్దాడు. లైనుని పైనుంచి తీసి డిసెంబర్ నెల అడుగుకి దింపాడు. మొదట్లో ఉన్న 'గత' అన్న మాటని కొట్టేశాడు. "ఈ ఏడాది పేజీలో గత అని కనిపిస్తే పైవాళ్లు నన్ను కడిగేస్తారు బాబాయ్. తేదీ ఒక్కటే ఉంచండి. తెలిసినవాళ్లకి తెలుస్తుంది," అన్నాడు. డిసెంబర్ దణ్ణం పెట్టినంత పనిచేసి బయటికొచ్చాడు. ఒక్క మాటేగా పోయింది, లైను మిగిలింది అనుకున్నాడు.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం ప్రూఫులు నా బల్ల మీదికి వచ్చాయి. ఆటలు, సినిమాలు, వ్యాపారం, ప్రపంచం, మొత్తం పదహారు పేజీలు. ఐదింటికల్లా అయిపోవాలి. మా పని ఎలా ఉంటుందో చెప్తాను, సాకు కోసం కాదు. తేదీల వారీ పేజీ వస్తే ముందు తేదీలు ఒక్కటే చూస్తాం. పక్కనున్న మాటల మీద అట్టముక్క అడ్డంపెట్టి అంకెలు మాత్రం వరసగా చూసుకుంటూ పోతాం. లేకపోతే కన్ను వార్తలో పడి అంకె తప్పించుకుంటుంది. మాకు పని నేర్పినవాళ్లు అలాగే నేర్పారు. అంకెల వరస అయ్యాక అట్ట తీసేసి, రెండోసారి అక్షరాలు చూస్తాం. అర్థం చూడం. అర్థం చూడటం మొదలుపెడితే తప్పు దొరకదు.

డిసెంబర్ నెలకి వచ్చాను. 2, 5, 9, 12, 14, దాని కింద 26. ఇవాళ ఇరవై. ఇరవైన మూసే పేజీలోకి ఇరవై ఆరు ఎలా వచ్చింది? చూడగానే నవ్వొచ్చింది. కంపోజింగ్‌లో ఒకటికి బదులు రెండు నొక్కేశారు, రోజూ చూసే తప్పే. పెన్ను తీసి 2 కొట్టి 1 వేశాను. 14 కింద 16, వరస కుదిరింది. ఆ తర్వాత అట్ట తీసి మాటలు చూశాను. అమ్మోనియాలో మకి ఒత్తు ఉందో లేదో చూశాను. తొమ్మిదిలో మకి ఒత్తు ఉందో లేదో చూశాను. రెండూ ఉన్నాయి. ఎవరు చచ్చారో చూడలేదు.

సాయంత్రం మెట్ల దగ్గర బాబాయ్ కనిపించి, "నా పేజీ చూశావా అమ్మా?" అని అడిగాడు.

"చూశాను బాబాయ్. అచ్చుకి వెళ్లిపోయింది. ఒకే ఒక్క తప్పు దొరికింది, సరిచేశాను."

"నువ్వు చూశావుగా, ఇక నాకు బెంగ లేదు," అన్నాడు. చాలా నెలల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. ఆ తప్పేమిటని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. అచ్చయిన తర్వాత తన పేజీ తను చదివేవాడు కాదు. తప్పు కనబడితే చేసేదేం లేదు, ఊరికే కడుపుమంట అనేవాడు. చదివి తప్పులు పట్టేందుకు బావ ఉండేవాడు కాబట్టి ఆ అలవాటు సాగింది. ఆ ఏడు ఆయన సెలవు కూడా పెట్టలేదు. డిసెంబర్ నెలలో ఆ ఇంటి గుమ్మం తొక్కడానికి కాళ్లు రావట్లేదన్నాడు. ముప్పై ఒకటి పొద్దున్నే అక్కకి ఫోన్ మాత్రం చేశాడు. "ఈసారి ఉందక్కా. చివర్న ఉంది చూడు. మధ్యాహ్నం ఇక్కడ నాకు వీడ్కోలు పెట్టారు, నువ్వు రా," అన్నాడు.

వీడ్కోలు మూడింటికి పై హాల్లో జరిగింది. టీ, బిస్కెట్లు, ఒక సూట్‌కేసు. సెంటీమీటర్ సారు లేచి, "బాబాయ్ మన సంస్థ జ్ఞాపకశక్తి," అని నాలుగు ముక్కలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. మెట్ల కింద గదిలోని జ్ఞాపకశక్తికి ముప్పై ఒక్కేళ్లు ఫ్యాన్ కూడా పెట్టించలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బాబాయ్ మాత్రం సంతోషంగానే ఉన్నాడు. గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు.

అక్క హాల్లోకి రాలేదు. కింద వాచ్‌మన్‌ని అడిగి తమ్ముడి గదికి వెళ్లి కూర్చుందట. బాబాయ్, నేనూ కిందకి వచ్చేసరికి కవర్ల అలమరల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, వేళ్ల చివర సూది గుచ్చుకున్న నల్లచుక్కలు. బస్టాండులో కొన్న పేపరు ఒళ్లో ఉంది, మా అనుబంధం పైకి కనబడేలా మడిచి ఉంది. దారంతా చదివినట్టుంది, మడత దగ్గర నలిగిపోయింది.

"అక్కా, చూశావా?" అన్నాడు ఆయన చిన్నపిల్లాడిలా.

"చదవరా," అంది ఆవిడ. "పైకి చదువు, మీ బావ చదివినట్టు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరికి వెళ్లి మొదలుపెట్టాడు. "డిసెంబర్ పదహారు," అని ఆగిపోయాడు. మళ్లీ కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు. ఆ అంకె మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, సిరా మరక అనుకుని. తర్వాత నా వైపు తిరిగి, "ఇరవై ఆరు కదమ్మా నేను రాసింది," అన్నాడు. నిలదీసినట్టు కాదు, నాకేమన్నా తెలుసేమోనని అడిగినట్టు.

నేను చేసిందేమిటో నాకప్పుడు అర్థమైంది. ఆయన రాసింది ఒకటి, నేను దిద్దింది ఒకటి; మధ్యలో పైన కొట్టేసిన మాట సంగతి తర్వాత తెలిసింది. "నేనే మార్చాను బాబాయ్," అన్నాను. "ఇరవైకి మూసిన పేజీలో ఇరవై ఆరు ఉంటే తప్పు పడిందనుకున్నాను." ఆయన కాగితం పట్టుకుని పైకి, సెంటీమీటర్ సారు దగ్గరికి వెళ్లాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. "తప్పయిపోయిందండీ," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నువ్వేం చేశావమ్మా. నీ పని నువ్వు చేశావు," అంది ఆవిడ. ఓదార్పుగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

పావుగంటకి ఆయన తిరిగొచ్చాడు. ఇందాకటి వెలుగంతా తుడిచేసినట్టు పోయింది. "సవరణ వెయ్యరటక్కా," అన్నాడు. "వేస్తే, గత ఏడాది డిసెంబర్ ఇరవై ఆరు అని వెయ్యాలి. అలా వేస్తే పోయినేడాదిది ఈ ఏడాదిలో ఎందుకు వేశారని అడుగుతారట. ఇలా ఉంటేనే నయం, ఎవరూ పట్టించుకోరు అంటున్నాడు."

అక్క ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంది. మడత సరిచేసి సంచిలో పెట్టుకుంది. లేచి నిలబడి తమ్ముడి చొక్కా కాలర్ సర్దింది, చిన్నప్పుడు స్కూలుకి పంపేటప్పుడు సర్దినట్టే అయి ఉంటుంది. అప్పుడు అడిగింది, గొంతు ఏమాత్రం పెంచకుండా.

"మీ పేపర్ ప్రకారం మీ బావ మొన్న పదహారో తారీఖు దాకా బతికే ఉన్నాడు కదరా. మరి ఏడాదంతా ఇంటికెందుకు రాలేదో కనుక్కుని చెప్పు."